ఎండాల్సిన మొక్క

సూరత్, కోసాడ్ కాలనీ, మూడో అంతస్తు. బాల్కనీలో రెండు రంగు డబ్బాలు. వాటిలో నర్సింగం భార్య, చనిపోయిన వజ్రమ్మ నాటిన రెండు కరివేపాకు మొక్కలు. మరమగ్గాల మిల్లులో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన నర్సింగం ఇంకా చెప్పులైనా విప్పలేదు. కూతురు హారతి అతన్ని నిలదీసింది.

"నిజం చెప్పు బాపూ. ఈ కుడిదానికి మంచినీళ్లు పోసినవా?"

"మంచినీళ్ల క్యాన్ నీకొక్కదానికే అయిపోతది. నేను తాగేదే బోరునీళ్లు. చెట్టుకెక్కడియి?"

"మరి గిదెందుకు పచ్చగున్నది?"

"పచ్చగుంటె గూడ ఏడుపేనా? అచ్చం మీ అమ్మవే."

"అరె, రెండిటికీ బోరు ఉప్పునీళ్లే పోసిన. ఎడమదానికి మాత్రం మెలటోనిన్ కలిపిన. అది ఉప్పుకు తట్టుకోవాలె, ఇది ఎండిపోవాలె. అప్పుడే మందు పనిచేసిందని మా సైన్సు సార్ నమ్ముతడు. రెండు నెలల ప్రాజెక్టు! రేపే చూపియ్యాలె."

"ఆ మందు నా నిద్రగోలీల ఉండేదే గదా?"

"అదే. చెప్పిన గదా."

"చెట్టును పండవెట్టి ఏం జేస్తరే?"

"పండవెట్టుడు కాదు బాపూ. ఆకులల్ల ఉప్పు పేరుకోనియ్యది, వేర్లను కాపాడతది. చెట్టు సొంతంగ గూడ జరంత తయారు చేస్కుంటది. ఉప్పెక్కువైతే అది సాలది, మనం సాయం జేస్తం."

"ఆహా. మగ్గం కాడ పన్నెండు గంటలు నిలవడ్డోనికి మాత్రం ఎవ్వడు చెయ్యడు సాయం."

"మాట మార్చకు. నువ్వు రోజు ఈ డబ్బా మీద వంగుతున్నవని పక్కింటి సారక్క అత్త చెప్పింది."

"సారక్కకు పనిలేదు. చెప్పు వెతుక్కున్న."

"రెండు నెలలు వెతికినవా?"

"నా చెప్పును నువ్వే చీకట్ల పెడితివి."

"బాపూ!"

"మీ అమ్మ రెండు నాటింది. నువ్వేమో ఒకదాన్ని సాకుత, ఒకదాన్ని సంపుత అంటివి. ఎవడు చూస్కుంట కూసుంటడు?"

"ఏం పోసినవ్?"

"పొయ్యలే. గోలీ నూరి ఏసిన. రోజుకొకటి."

"నీ గోలీయా? డాక్టరిచ్చింది? రోజు మింగిన మింగిన అంటివి గదా!"

"అంటే అన్న. రాత్రంత మగ్గం తోలి వస్తే, పొద్దుగాల బకెట్ల చప్పుడుతోని నన్ను ఒక్కనాడు పండనియ్యలేదు మీ అమ్మ. గిప్పుడన్న ఆమెను సల్లగ పండనీ అని, ఆమె చెట్టుకేసిన."

"అయిపోయింది. రెండూ మందు తిన్నయే! మందు లేకుంట, ఉప్పునీళ్లతోని ఎండింది ఒక్కటన్న ఉండాలె. రేపు సార్‌కు ఏం చూపియ్యాలె?"

"నన్ను తీస్కపో బిడ్డా. గవే ఉప్పునీళ్లు, గోలీ లేదు. చూడు, ఎట్ల ఎండిన్నో."