వాకిట్లో ఎండ

శుక్రవారం సెలవు. కువైట్‌లో, సల్వాలో ఇంటిపని చేసే రాజంపేట ఆడవాళ్లిద్దరు అబ్బాసియాలో బస్సు కోసం నిలబడి ఉన్నారు. పెద్దామెకు పొద్దున్నించీ ఒక మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

“మీ అత్తను వేరే ముసలోళ్ల హోముకు మార్చినావంట గదా వదినా? ఏసీ రూమని నువ్వే ఏరికోరి చేర్పిస్తివే!”

“నా తెలివి అట్లుండాది. ఈడ ఏసీ లేకుంటే పానం పోతాది గదా, ఆడ గూడా అదే సుఖమనుకుంటి. వీడియోలో చూస్తే, నేను పంపిన కువైట్ రగ్గు తలదాకా కప్పుకోని వణుకుతాంది. అడిగితే, బాగుండానమ్మా అంటాంది!”

“నువ్వు బాధపడతావని అనింటాది.”

“అందుకే ఈసారి రూము వద్దు, ముందు వాకిలి చూపించమంటి. ముసలమ్మలు ఎండలో కూర్చోని చింతపండు వలుస్తాండారు. ఖలాస్, ఇదే అంటి.”

“మొగుడు ఇంకోదాన్ని కట్టుకోని పాయె. వాళ్లమ్మకేమో నీ జీతంలో సగం కడతాండావు. ఎవురు చేస్తారు వదినా?”

“కొడుకు రమ్మన్నా పోకుండా నా బిడ్డకాడ నిలబడిందామె. నేను ఇమానమెక్కేనాటికి అది పాలు గూడా మానలేదు. ఇప్పుడది హాస్టల్లో చదువుతాంటే, ముసలామెను ఇంట్లో ఒంటిగా వదిలేదా?”

బస్సు వచ్చింది. పెద్దామె ఎక్కలేదు.

“చదువైనాక ఆ పిల్లను మావాడికిస్తావా? ఆమె చేతుల్లో పెరిగిన పిల్ల, నీ కడుపున పుట్టిన పిల్ల. ఇంకేం గావాల నాకు?”

చిన్నామె ఫోన్ తీసి వీడియో కాల్ కలిపింది. వాకిలి, ఎండ, కళ్లు చికిలించుకుని చూస్తున్న ముసలామె.

“పిల్లకిష్టమైతే, ఇచ్చేది నేను గాదు వదినా. ఇదో, ఆమెను అడుగు.”