ముందున్నట్టు చెయ్యాలంట

అట్ల కాదు లాయరమ్మా, ముందు ఆ టేపు పక్కన పెట్టండి. కోర్టు పంపించిన మనిషి మీరు, కొలిచేదానికే వచ్చినారు, కాదనను. కానీ సమాధి కాడ నిలబడుకోని, చేతిలో కాగితాలు పట్టుకోని, ఏమిటికి పూడ్చినారు, ఎవురు పూడ్చమన్నారు అని అడిగితే నేనేం చెప్పేది? ఇట్ల రండి. ఈ మోటారు షెడ్డు కాడ నీడుండాది. ఈడ కూర్చోని ఏం కావాలన్నా అడగండి. ఆడ మాత్రం వద్దు.

ఏందీ, గొంతు సరిగ్గా ఇనపడలేదా? చూసినారా, మునిరామయ్య గొంతు ఇనపడలేదనే రోజొకటి వచ్చింది. పండరి భజన గురువునమ్మా నేను. మైకు లేకుండా బంగారుపాళ్యం తిరునాళ్ళలో పాడినోణ్ణి. జనం ముందర కూర్చుంటే నాకు ఆకలి కూడా తెలీదు. ఈ పొద్దు నా జనమంతా మీరొక్కరే. కొంచెం దగ్గరికి జరగండి, మెల్లగా చెప్తా.

రాసుకోండి. ఆడ పండుకోని ఉండేది నా భార్య వసంతమ్మ. ఈ మామిడి తోట ఆమెది.

అట్ల రాయకూడదా? ఆమెదని నేను చెప్తా ఉండానని రాయాలా? సరే, మీ రాత మీది.

మా మామ మునెయ్య పెండ్లి నాడు ఆమెకు ఈ చేను పసుపు కుంకుమ కింద ఇచ్చినాడు. అప్పుడిది శెనక్కాయల చేను. పెండ్లి బట్టల్లోనే గెనిమ గట్టు మింద నిలబెట్టి, ఒడిలో పసుపు కుంకుమ పోసి, ఈ నేల్లోంచి పిడికెడు మట్టి తీసి కొంగున ముడేసినాడు. ఊరు ఊరంతా చూసింది. రిజిస్ట్రాఫీసు? ఆడబిడ్డకు పసుపు కుంకుమ ఇచ్చి రిజిస్ట్రాఫీసుకు పొయ్యేవాళ్ళు ఎవురుంటారమ్మా? అట్ల పోతే కూతురి మింద నమ్మకం లేనట్టు. అదీ మేము చేసిన తప్పు. అది తప్పని ఇప్పుడు తెలిసింది.

ఈ తోతాపురి చెట్లన్నీ ఆమె నీళ్ళు మోసి బతికించినవే. బోరు తర్వాత వచ్చింది. మామ పోయినంక పాసుబుక్కు ఆమె తమ్ముడు జయరామ్ పేరు మింద వచ్చింది. మొదట్లో ఎవురూ పట్టించుకోలా. కాయలు ఆమే కోసుకుంటా ఉండె. తోట పక్కన రోడ్డు వెడల్పయి నేల ధర పెరిగినాక తమ్ముడోళ్ళు పట్టించుకున్నారు. వసంతమ్మ కేసేసింది. నేనొద్దన్నా. తమ్ముడే కదా, పోనీలే అన్నా. "నాకు కాయలు కాదు కావాల్సింది. మా నాయన నాకు ఇచ్చినాడని ఎవురో ఒకరు కాగితం మింద రాయాల" అనింది.

కోర్టువాళ్ళు, కేసు తేలేదాకా తోట ఎట్లుండాదో అట్లే ఉండాల, ఎవురూ ఏదీ మార్చకూడదు అని ఉత్తరువిచ్చినారు. ఆ ఉత్తరువు మా ఇంట్లో దేవుని పటాల కాడే పెట్టుకున్నాం.

ఇంతలో ఆమెకు జబ్బు చేసింది. తిరుపతి ఆసుపత్రిలో కిటికీలోంచి కొండ కనపడతా ఉండె. ఆ పక్కకు దండం పెట్టుకోని, నా పక్కకు తిరిగి, "నన్ను మా నాయనిచ్చిన నేల్లో పెట్టు" అనింది. మా ఇండ్లల్లో కాల్చరమ్మా, పూడుస్తారు. ఎవురి చేలో వాళ్ళు పూడ్చుకునేది తాతల నాటి వాడుక. ఆమెకుండే చేను ఇదొక్కటే. నేనింక యాడికి తీసకపోను?

జయరామ్ వచ్చినాడు. రాకుండా ఎట్లుంటాడు? పుట్టింటి చీర తెచ్చి అక్క మింద కప్పినాడు. పాడెకు భుజం పట్టినాడు. యాడ పెడతావు బావా అని అడగలా. ఈ గుంత కాడికి నాకంటే ముందు ఆయప్పే నడిచినాడు. మొదటి పిడికెడు మట్టి ఆయప్పే వేసినాడు. పెండ్లి నాడు నాయన పిడికెడు కొంగున కట్టె, ఈ పొద్దు తమ్ముడు పిడికెడు మింద వేసె అనుకున్నా. నా కండ్లు నిండిపోయినాయి. కేసు తీరిపోయిందనే అనుకున్నా.

మా భజనోళ్ళు దినాలకు వచ్చి, గోవిందనామాలు చెప్పుకుంటా నాలుగిటికెలు పేర్చి సిమెంటు అరుగు కట్టినారు. తలకాడ తులసమ్మను పెట్టినారు. ఆ అరుగు ఆరీఆరక ముందే జయరామ్ పక్కనించి నోటీసు వచ్చింది. కోర్టు ధిక్కారమంట. అరుగు కొట్టేసి, ఆమెను తీసి, నేలను ముందున్నట్టు చెయ్యాలంట.

ముందున్నట్టంటే ఏందమ్మా? ముందు ఆమె బతికుండె.

మా లాయరు యోగానంద మంచోడే. "పెద్దాయనా, ఉత్తరువు సంగతి నాకు తెలీదు, మా యామె చూసుకుంటా ఉండె, తప్పయిందని ఒక్క మాట చెప్పు, బయటపడతావు" అన్నాడు. సరేనన్నా. జడ్జిగారు అడిగినారు, ఉత్తరువు తెలుసా అని. నా మెడలో తులసిమాల ఉండాదమ్మా. "తెలుసు సామీ" అన్నా. యోగానంద నెత్తి కొట్టుకున్నాడు. బయటికొచ్చి, "జైలుకు పోతావు సామీ, ఆడ తాళాలు మోగించుకో" అన్నాడు. మోగించుకుంటా అన్నా. ఆడ కూడా జనముంటారు కదా.

నాకు జైలు దిగులు లేదు. నేను జైలుకు పోతే మాత్రం ఆమెను తీయకుండా ఉంటారా?

నిన్న జయరామ్ మా ఇంటికి వచ్చినాడు. లోపలికి రమ్మంటే రాలా, అరుగు మింద కూర్చున్నాడు.

"బావా, అక్కను తవ్వి తీసేటంత రాక్షసుణ్ణి కాదు నేను."

"మరి నోటీసులో అదే కదప్పా రాసిండేది."

"లాయరు ఊరకుండొద్దన్నాడు. సమాధి ఉంటే చేను మీ స్వాధీనంలో ఉన్నట్టేనంట."

"చచ్చిపోయినామె స్వాధీనం చేసుకుంటాదా జయరామూ?"

ఆయప్ప నవ్వలా. నేనూ నవ్వలా.

"అక్క బదులు ఇప్పుడు కేసులో ఉండేది నువ్వే, వాపసు తీసుకో బావా. ఈ నేల మొదట్నించీ జయరామ్‌దే, వసంతమ్మకు ఎవురూ ఇయ్యలేదు, జయరామ్ ఒప్పుకుంటేనే ఈడ పూడ్చినాం అని రాసియ్యి. నేను ధిక్కారం తీసేస్తా. అక్క ఆడే ఉంటాది. ఉగాదికుగాదికి నేనే సున్నం కొట్టిస్తా."

"మీ నాయన కొంగున ముడేసినాడు కదప్పా. నువ్వు పక్కనే ఉండావే. అక్క కొంగు పట్టుకోని ఉంటివి."

"ఉంటి" అన్నాడు. లేచిపోయినాడు.

కొట్లాడమంటారా? కొట్లాడితే గెలుస్తానేమో, ఎప్పటికో. అంతలోపల గడ్డపారలు పట్టుకోని మనుషులొస్తే? నేల నిలబెట్టుకోవాలంటే ఆమెను లేపాల. ఆమెను పండుకోనీయాలంటే నేల ఆమెది కాదనాల. నన్ను నేను కాపాడుకునే చిన్న అబద్ధం వద్దని కోర్టులో తలెత్తుకోని నిలబడితి. దానికంటే పెద్దది నాకోసం ఇంటి అరుగు మింద కాచుకోని ఉండాది చూడండి. ఆ సామి ఆటలు మనకు తెలుస్తాయా?

రాసుకోవద్దు, ఇదంతా మీకు చెప్పుకోవాలని చెప్పినా. ఇదిగో, ఈ కాయ తినండి, ఈ చెట్టుదే. ఓహో, కోర్టు తోటలో కాయ తినకూడదా. మర్చిపోయినా.

పదండి, కొలుద్దాం. ఒంటి మనిషి, టేపు ఎట్ల పట్టుకుంటారు? ఒక కొస నేను పట్టుకుంటా. తలవైపు నేను పోతా, మీరు కాళ్ళ కాడ నిలబడండి. తులసమ్మ మింద టేపు ఆనకుండా చూసుకోండి.

ఒకటే అడిగేది. ఆడికి పోయినంక కొలతలు ఎంత గట్టిగానైనా చదవండి. ఈ రాజీ సంగతి మాత్రం ఎత్తొద్దండి. సోమవారం పోయి సంతకం పెడతా.

ఆమెకింకా చెప్పలా.