అంతయ్య పరీక్షించిన రైలు గంట

చంపాపేట్ రోడ్డు మీద కృష్ణకుమారి టీ బండి దగ్గర అంతయ్యకు తెలియని సంగతంటూ ఇంతవరకు పుట్టలేదు. ఫ్యాన్లకు వైండింగ్ చేసే దుకాణం ఒకటి ఆయనకు పక్క సందులోనే ఉంది. లోకానికి తెలివి పంచే పనిలో పడి దాని తాళం తియ్యడానికే తీరిక దొరకదు పాపం.

ఆ రోజు వేదవతి తమ్ముడు అశోక్‌తో వచ్చి, సంచిలోంచి పాత కరెంటు గంటను తీసి బల్ల మీద పెట్టింది. టేకు చెక్క, దాని మీద ఇత్తడి గిన్నె, కింద రెండు రాగితీగ చుట్టలు, పక్కన నొక్కే మీట. తండ్రి మట్టయ్య రైల్వే స్టేషన్ సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసిన మనిషి. పాత సామాను వేలంలో దీన్ని కొని, పోయేదాకా తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇది ఏదో బడి గంటేనని, ఇత్తడి కరిగించేవాళ్లకు ఇచ్చేద్దామని అశోక్ పట్టు. అక్క కర్మన్‌ఘాట్‌లో సైన్సు టీచరైనా ఆమె మాట వాడికి ఆనదు. అంతయ్యన్న రైలుదంటేనే ఇంట్లో ఉంచుతానన్నాడు.

అంతయ్య గంటను తలకిందులుగా పట్టుకుని వాసన చూశాడు.

"గిసోంటిదే పోయిన ఎండకాలం బాటసింగారం పండ్ల మార్కెట్ల దొరికింది. ఏందో ఎవ్వరికి తెల్వది. నేను గోరుతోని గీకి, రైలుదని చెప్పిన."

గోటితో గీకితే రైలు ఎట్లా బయటపడిందో వేదవతి అడగలేదు. తమ్ముడు తలూపుతున్నాడు, ఆమెకు అదే చాలు. అంతయ్య అక్కడితో ఆగి ఉంటే అందరూ సుఖంగా ఇంటికి పోయేవాళ్లు.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? లారీ బ్యాటరీకి రెండు తీగలు జర అంటించిన, అంతే, మోగుడు షురువైంది, హైవే మీద లారీలన్ని ఎక్కడియక్కడ నిలవడ్డయి, డ్రైవర్లు పరేషాన్, నేను తీగలు పీకేసిన, అయినా మోగుతనే ఉంది, గా సప్పుడుకు పచ్చి మామిడికాయలు పెట్టెలల్లనే పండినయి."

"తీగలు పీకేశాక కూడానా అన్నయ్యగారూ?" అంది కృష్ణకుమారి, టీ వడగడుతూ. ఆమెది తెనాలి వైపు.

అసలు రైలు గంటకు కరెంటుతో పనేంటని అంతయ్య ఆమెను జాలిగా చూశాడు. సప్పుడు విని ఎక్కడిదో గూడ్సు బండి లైన్ క్లియరనుకుని మార్కెట్ దాకా వచ్చేసిందట. అక్కడ పట్టాలు లేవు కదా అని అశోక్ నసిగితే, అందుకే హైవే మీదుగా వచ్చిందన్నాడు. గార్డు దిగి, జెండా ఈయన చేతిలో పెట్టి, వెనక్కి పంపమని బతిమాలాడట. ఉగాదికి మొదలైన మోగుడు బోనాలకు కూడా ఆగలేదట.

"అసలైన రైలు గంటంటే గట్లుంటది. గిది చూడు, సప్పుడే లేదు. బడి గంటే. కావాలంటే గీ ప్లగ్గుల పెట్టి చూపిస్త."

అశోక్ సంచి తెరిచి పట్టుకున్నాడు. వేదవతి చప్పున ముందుకు వంగింది. గొప్పలకు పోయి నాన్న గంటను ఈయన పొయ్యిలోకి పంపుతున్నాడు, దానికి ముందు తీగచుట్టలు మాడ్చేటట్టున్నాడు. ఆయన చేతిలోంచి గంట లాక్కుంది.

తన బ్యాగులోంచి కరెంటు కొలిచే మీటరు తీసి చుట్టలు ఎక్కడా తెగలేదని చూసుకుంది. ల్యాబ్ నుంచి తెచ్చిన బ్యాటరీ తగిలించి మీట నొక్కింది.

ఠంగుమని ఒక్క దెబ్బ. అంతే. మళ్లీ నొక్కితే మళ్లీ ఒక్కటే.

"బడి గంటకైతే కరెంటును తెంచుతూ కలుపుతూ ఉండే రేకు ఉంటది, అందుకే గణగణ కొడుతనే ఉంటది," అంది తమ్ముడితో. "దీంట్ల అది లేదు. నొక్కితే ఒక్కటే దెబ్బ. నాన్న క్యాబిన్‌ల పక్క స్టేషనోళ్లు కొట్టిన దెబ్బలు లెక్కవెట్టి, ఏ బండి వస్తదో తెలుసుకునేటోడు. గిది రైలుదే."

అశోక్ తనే మీట నొక్కాడు. ఆగి, మళ్లీ నొక్కాడు. సంచి మడిచి జేబులో పెట్టుకుని, గంటను ఒళ్లోకి తీసుకున్నాడు.

అంతయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"మరి బాటసింగారంల ఆగకుండ మోగింది ఏందంటవ్ చెల్లె?"

"అది మీరే, అన్నా."