నాలుగు వేళ్ల అడుగు

అటక మీది పాత పుస్తకాల పెట్టె దించి వీరేశ్ వారంగా చదువుతున్నాడు. ఆ మధ్యాహ్నం ఒక పుస్తకం తెచ్చి తండ్రి తిమ్మప్ప ఒళ్లో పెట్టాడు.

"గడ్డం నెరిసినంక పిల్లల పుస్తకాలేందిరా?"

"నా బిడ్డ మేఘకు చదివి చెప్తున్న నాయినా. ఇంజినీరు సాబు బదిలీ అయినప్పుడు నీవే తెచ్చిస్తివి గద."

"రద్దీ కాగితాలల్ల ఏస్తుంటే తెస్తి. నీకు ఇంగ్లీషు వస్తదని."

"వచ్చింది. అప్పుడు దీవి, సొరంగం, కుక్క, గివే కనపడె. ఇప్పుడు చూస్తే అన్నింట్ల దొంగ ఒక్కడే. మాసిన బట్టలు, చేతిల మూట. పిల్లలు చూపిస్తరు, పోలీసులు పట్కపోతరు. ఎవ్వరూ వాణ్ణి కొట్టరు. అందరు కూసొని కేకు తింటరు."

"తిననీ. నీకేం నొప్పి?"

"యంకప్పను కొట్టిన్రు."

"ఆ పేరు ఇంట్ల ఎత్తకు."

"ఈ పుట చూడు. అడుగు బొమ్మ. చిటికెన వేలు లేదు."

"కండ్లు ఆనవు."

"తడిమి చూడు. గీత పొంటి గుంత తగుల్తది. పెన్సిలు ఒత్తిన గుంత. నాదే."

"అయితే?"

"కరెంటు కార్ఖానాల నీవు కావలున్న గోడౌనుల రాగి తీగ పోయె. గోడౌను ముంగట బొగ్గు బూడిదల దొంగ అడుగు చూసిన అని నీకు కాగితం మీద గీసి ఇస్తి. యాదుందా?"

"పదేండ్ల పోరడు ఇచ్చిండు."

"బూడిదల ఏ అడుగూ లేకుండె నాయినా. ఈ బొమ్మ మీద సన్న కాగితం పెట్టి దిద్దిన. నీవు శభాష్ అంటవని."

"అన్న గద."

"అని, బూడిద బండి తోలే యంకప్పను..."

"పొద్దుగూకేలోపల దొంగను తెమ్మనె గుత్తేదారు. తేకుంటే నేనే దొంగ అనె. వాడు మూట పట్టుకొని పోతుండె."

"షెడ్డుల ఏసి కట్టెలు ఇరిగేదాంక కొట్టిన్రు. దవడ పలిగింది. మూడో దినం సచ్చిండు."

"చాలు."

"నా దొంగ బొమ్మకు వాని కాలు ఎట్ల సరిపోయెనో. ఉలిగెమ్మ కాడికి పోతున్న. నీ మొగణ్ణి నా బొమ్మే చంపింది అని చెప్త."

"పోకు."

"పోత. మూడు దినాలు గేటు కాడ కూసుండె ఆమె. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, వచ్చే పోయేటోళ్లకు అయిదు వేళ్లు చాపి చూపెడుతుండె. అయిదుగురు కొట్టిన్రని చెప్తుందనుకున్న."

"కొట్టింది నలుగురం."

"మరి అయిదంటే ఏంది నాయినా?"

"షెడ్డులకు గుంజుకొచ్చినప్పుడు వాని కాలికి అయిదు వేళ్లుండె. నీ కాగితంల నాలుగే ఉండె."