చెప్పుకోని భయం

పొద్దున్నే యాకుత్‌పురా స్టేషన్ బెంచీ మీద ఆమె బ్యాగుతో కూర్చుని ఉంది. భర్త ఆయాసపడుతూ వచ్చి పక్కన కూలబడ్డాడు.

“చెప్పకుండ ఎటు పోతున్నవ్?”

“మా అమ్మింటికి. నీ తమ్మున్ని ఒక్కన్నే ఇడిసిపెట్టి వచ్చినవా?”

“లేదు, పక్కింటి భాయ్‌ని కూసోబెట్టిన. ఏమైందో చెప్పు జర.”

“వారం సంది శ్రవణ్ డాక్టరిచ్చిన గోళీలు మింగుతలేడు. అన్నీ పరుపు కింద దొరికినయ్. నిన్న వంటింట్లకొచ్చి, ‘అన్నంల విషం కలుపుతున్నవా వదినా’ అని నా చెయ్యి పట్టుకున్నడు. ఇడిపిచ్చుకునేసరికి గాజులు పలిగినయ్.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే ఏమంటవ్? వాడు చిన్నపిల్లగాని లెక్క, ఏం జెయ్యడంటవ్. పెండ్లయి ఆరేండ్ల సంది గదే మాట.”

అతను ఆమె బ్యాగును తన కాళ్ల దగ్గరికి జరుపుకున్నాడు.

“నాకు గూడ భయమే.”

“ఏందీ?”

“వాని గది తలుపు చప్పుడైతే చాలు, నిద్రల్నించి లేచి కూసుంట. గీ మాట చెప్తే నువ్వు ఇంట్ల ఉండవనుకున్న.”

“నువ్వు చెప్పకనే కదా పోతున్న! నేనొక్కదాన్నే భయపడుతున్న అనుకున్న ఇన్ని దినాలు.”

రైలు వచ్చి ఆగింది. ఆమె లేవలేదు.

“ఇయ్యాల్నే వాన్ని డాక్టర్ దగ్గరికి తీస్కపోవాలె. నా ఒక్కనితోని కాదు. వస్తవా?”

“వస్త. గని నేను వంట జేసేటప్పుడు నువ్వు పక్కనే ఉండాలె.”

“ఉంట.”

రైలు కదిలి వెళ్లిపోయింది. అతని జేబులో ఫోన్ మోగింది.

“పక్కింటి భాయే.”

“స్పీకర్ల పెట్టు. ఇద్దరం ఇందాం.”