టిక్కీ అడుగున

గుంటూరు ఆస్పత్రి మెట్ల మీద ఒక మిరపరైతు, అతని భార్య రిపోర్టు పట్టుకుని కూర్చున్నారు.

“క్యాన్సర్ లేదన్నారుగా, ఇంకా ఏడుస్తావేంటయ్యా?”

“ఏడుపు కాదే, మిరపకాయ చేత్తో కళ్లు తుడుచుకున్నా. మరి ఆ రోజు నీ గడ్డలోంచి సూదితో తీసిన ముక్కలో ఏదో తేడా ఉందన్నారుగా?”

“అందుకేగా గడ్డ మొత్తం తీసి చూసింది! సూదికి చిక్కేది రవ్వంతేనంట. ఇట్టాంటి గడ్డల్లో దాన్నిబట్టి ఉందనీ చెప్పలేరంట, లేదనీ చెప్పలేరంట.”

“మిర్చి యార్డులో టిక్కీ బస్తా మూతి విప్పి గుప్పెడు కాయ చూసినట్టా?”

“ఆఁ. నువ్వు పైన మంచికాయ పరిచి, అడుగున రంగు వెలిసిన తాలుకాయ దాస్తావుగా. నాలోనూ అట్టా ఉంటదేమోనని హడలిపోయా.”

“మరి?”

“నాది తిరగేసి నింపిన టిక్కీ అయ్యా! తాలుకాయ పైనే తగిలింది. అడుగంతా మంచికాయే!”