వెనక ఎడంపక్క అద్దం

తెనాలిలో కారు అద్దాలకు ఫిల్ము వేసే షెడ్డు. పని చేసేది శాలేమురాజు, అతని భార్య క్రిస్టినా. కారు తెచ్చింది రేపల్లె నిర్మల. బండి లోపల ఉంది. మాటలు గుమ్మం దగ్గర.

“మూడద్దాలకే వెయ్యమంటారేంటమ్మా? సారు ఫోన్లో నాలుగూ అన్నారే?”

“ఆయనంటారులే తమ్ముడూ. వెనక ఎడంపక్కది వదిలెయ్యి.”

“మూడింటికి వేసి ఒకటి వదిలేస్తే బండి ఒంటికన్నుదానిలా ఉంటదమ్మా. చూసినోళ్లు, పాపం శాలేమురాజుకి ఫిల్ము చాల్లేదనుకుంటారు.”

“అనుకోనీ. దాని జోలికే పోవద్దు. కడగొద్దు, తుడవొద్దు.”

“దానిమీద మరకుందమ్మా. బండి లోపల పెట్టేటప్పుడు చూశా. ఎవరో చిన్నపిల్లలు చెయ్యి పెట్టినట్టు...”

“తెలుసు.”

“నూనె చెయ్యి లాగుంది. ఒక్క తుడుపు తుడిస్తే...”

“తెలుసన్నాగా! మా సాత్విక్‌ది. బాపట్ల నుంచి వచ్చేటప్పుడు పెట్టాడు. సముద్రం చూసి, అరటికాయ బజ్జీ తిని, ఆ చేత్తోనే.”

“బాబుని తీసుకురాలేదేమ్మా?”

“లేడు.”

“ఇంటిదగ్గర ఉంచి...”

“లేడు తమ్ముడూ. పోయిన వానాకాలం. మూడురోజుల జొరం. అంతే.”

“అయ్యో ప్రభువా! ఎన్నేళ్లమ్మా?”

“రెండు నిండినయ్యి.”

“సరేనమ్మా. ఆ అద్దం ముట్టుకోను. మీరు ఆ బల్లమీద కూర్చోండి. లోపల బయటోళ్లెవరూ ఉండకూడదు. నేలంతా తడిపి, ఫ్యాను కూడా కట్టేస్తాం. మనిషి కదిలితే దుమ్ము లేస్తది, తలూపితే వెంట్రుక రాలుద్ది. ఫిల్ము కింద ఒక్క నలుసు పడిందా, ఇక అది బయటికి రాదు.”

“ఉండిపోద్దా?”

“ఫిల్ము ఉన్నన్నాళ్లూ.”

“అదృష్టమే దానిది.”

తలుపు మూసిన షెడ్డు లోపల.

“క్రిస్టినా, పాపని మళ్లీ లోపలికి తెచ్చావా? మొన్న చీరాలాయన బండికి దీని తలవెంట్రుకే కదా పడింది? ఫిల్మంతా పీకి మళ్లీ వేశా.”

“ఏమండీ.”

“పీచు రాలుద్దని నేను నూలు బనీను కూడా మానేశా. నువ్వేమో చంకలో పిల్లతో...”

“మెల్లగా అండి. బయటికి వినబడుద్ది.”

“ఏంటి?”

“ఆ అద్దం.”

“ఏ అద్దం?”

“మీరు గుమ్మంలో ఆవిడతో మాట్లాడుతుంటే నేను బండెక్కి కడగడం మొదలుపెట్టా. రోజూ అక్కడే కదా మొదలు, వెనక ఎడంపక్క. సబ్బునీళ్లు కొట్టి తుడిచేశా.”

“తుడిచావా? ఉందిగా, అదిగో! ఐదు వేళ్లూ కనబడుతుంటే...”

“అది మన పాపది.”

“ఏంటీ?”

“ఆవిడ ‘లేడు’ అంటం వినబడింది. నా చేతిలో బట్ట ఇంకా తడిగానే ఉంది. పాప తలకి రాసే కొబ్బరినూనె దాని అరచేతికి పూసి, అక్కడే పెట్టించా. ఇద్దరిదీ ఒక ఈడే కదా అని...”

“నీకెవరు చెప్పారే దాన్ని తుడవమని?”

“మీరే! మరక కనబడితే చేతిలో బట్ట ఆగకూడదని పొద్దున లేస్తే మీరేగా చెప్పేది!”

“సర్లే. సర్లే, ఏడవమాక. ఆవిడకేం తెలుసుద్ది? ఆ వయసులో ఎవరి చెయ్యైనా అంతే ఉంటది. చెప్పమాక.”

“చెప్పకపోతే రోజూ దాన్ని తడుముకుంటది.”

“తడుముకోనీ పాపం.”

“పోయిన బిడ్డనుకుని! నా పిల్ల చెయ్యిని!”

“క్రిస్టినా...”

“దీని ఒళ్లు చూడండి. వెచ్చగా లేదూ?”

“ఫ్యాను కట్టేశాం, గది ఉడికిపోతంది. నా ఒళ్లూ వెచ్చగానే ఉంది. నీకు రోజుకో భయం. నిన్న దగ్గిందన్నావు, మొన్న పాలు తాగలేదన్నావు...”

“నలుసు పడితే ఫిల్ము పీకి మళ్లీ వేస్తారు. ఆ పోయినోడి కీడు దీనికి తగిలితే ఎట్టా పీకుతారు?”

“అయితే తుడిచేద్దాం.”

“తుడిచేస్తే ఆవిడకేం మిగులుద్ది?”

“తుడవొద్దంటావు, ఉంచొద్దంటావు. నన్నేం చెయ్యమంటావే?”

“తలుపు తియ్యండి. నేనే చెప్తా.”

బయట, బల్ల దగ్గర.

“అప్పుడే అయిపోయిందా అమ్మాయ్? ఏంటి, ఏడుస్తున్నావు?”

“నన్ను కొట్టండక్కా.”

“ఏమైంది?”

“మీ బాబు చెయ్యి తుడిచేశా. మీ మాట చెవిన పడకముందే. తెలీక. ఇప్పుడు అద్దం మీదున్నది మా పాపది. కొబ్బరినూనె రాసి నేనే పెట్టించా.”

“అమ్మా, దానికి బుద్ధి లేదు. మీరు మనసులో...”

“నువ్వాగు తమ్ముడూ. కొబ్బరినూనా?”

“అవునక్కా.”

“నేను బజ్జీలేసిన నూనె రాశా.”

“ఏంటక్కా?”

“నువ్వు తుడిచింది కూడా సాత్విక్‌ది కాదమ్మా. వాడిది ఎప్పుడో పోయింది. పదకొండో రోజున మావారే బండి కడిగించేశారు, చూడలేక. ఆ సాయంత్రం నేను మా తోటికోడలి కొడుకుని ఎత్తుకెళ్లి, బండిలో కూర్చోబెట్టి, చేతికి నూనె రాశా. సాత్విక్ ఈడువాడే. నీలాగే నేనూ, అక్కడే పెట్టించా. ఎవరికీ చెప్పలేదు.”

“మరి రోజూ దాన్ని చూసి...”

“చూసి, సాత్వికూ అని పిలిచేదాన్ని. తలుపులేసుకుని బండిలో కూర్చుని పిలిచేదాన్ని. పిలవగా పిలవగా అది వాడి చెయ్యే అయిపోయింది.”

“అక్కా, ఆ బాబు...”

“పాపకి ఎన్నో నెల?”

“ఇరవైరెండు. ఆ తోటికోడలి బాబు బాగున్నాడా అక్కా?”

“తమ్ముడూ, నాలుగద్దాలకీ వేసెయ్యి.”

“మిమ్మల్నే అక్కా. బాగానే ఉన్నాడుగా?”

“పాపని నాకు దగ్గరగా తేవద్దమ్మా. వెళ్లు, వెళ్లి ముందు అద్దం మీద ఆ చెయ్యి తుడిచెయ్యి.”